కూల్చిన ఇంటి లెక్క

(గృహహక్కుపై నిర్వహించిన అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు కట్టడానికి ఎంత ఖర్చవుతుందో ఈ సభలో ఉన్న ప్రతి కుటుంబానికీ తెలుసు. సిమెంటు, ఇసుక, ఇనుము, మేస్త్రీ కూలి, మధ్యలో చేసిన అప్పు, అమ్ముకున్న నగ, ఇవన్నీ మన ఇళ్లలో ఆడవాళ్లు వేళ్లమీద లెక్క చెప్పగలరు. ఇల్లు కూల్చడానికి ఎంత ఖర్చవుతుందో మాత్రం మనం ఎన్నడూ లెక్క వేసుకోలేదు. ఈ రోజు ఆ లెక్క వేద్దాం. దానితో పాటు ఇల్లు కూల్చడానికి చట్టం ఏ పద్ధతి పెట్టిందో కూడా చూద్దాం. ఆ పద్ధతి తెలిసిన వారికే ఆ ఖర్చును ఎదుటివారి చేత కట్టించే వీలు కలుగుతుంది. మా మాటల సారాంశం ఇదే.

పాత ఇంటిని మనమే పడగొట్టించుకునేటప్పుడు ఒక వరుస ఉంటుంది. ముందు సామాను బయటికి చేరుస్తాం. కరెంటు మీటరు తీయిస్తాం. నీటి కనెక్షను మూయిస్తాం. తరువాత మేస్త్రీని పిలిచి తలుపులు, కిటికీలు, ద్వారబంధాలు ఊడదీయిస్తాం. పెంకులో రేకులో ఒక్కొక్కటిగా దింపిస్తాం. దూలాలు, వాసాలు విడిగా పేర్పిస్తాం. పాత టేకు దూలానికి ఈనాటికీ గిరాకీ ఉంది. గోడలు పైనుంచి కిందికి విప్పి, పనికొచ్చే ఇటుకలను, ఇనుప చువ్వలను ఏరి పక్కన పెడతాం. కూలీల ఖర్చులో కొంత భాగాన్ని ఆ పాత సామానే తీరుస్తుంది. తన చేతులతో ఇంటిని విప్పుకున్న కుటుంబానికి మరో ఇంటికి కావలసిన సరుకు కొంతైనా మిగులుతుంది.

బుల్డోజరు వరుస వేరు. అది ముందు గోడను నెడుతుంది. కప్పు సామానుమీద కూలుతుంది. బియ్యం డబ్బా, కుట్టు మిషను, మంచం, పిల్లల పుస్తకాలు, పదో తరగతి సర్టిఫికెట్లు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం అన్నీ ఒకే కుప్ప అవుతాయి. ఆ ఇల్లు సక్రమమైనదని నిరూపించవలసిన దస్తావేజు కూడా ఆ శిథిలాల కిందనే ఉండిపోతుంది. ఆ రాత్రి నుంచి అద్దె మొదలవుతుంది. ఇంటిముందు గదిలో కొట్టు పెట్టుకున్నవారికి ఇల్లూ జీవనోపాధీ ఒకే పూటలో పోతాయి. బడి దూరమై పిల్లల చదువు ఆగిపోతుంది. ఈ పద్దులు ఏ ప్రభుత్వ రిజిస్టరులోనూ ఉండవు.

ప్రభుత్వం రాసే పద్దు ఒకటుంది. ఉత్తరప్రదేశ్ పట్టణ ప్రణాళిక, అభివృద్ధి చట్టం 1973 లోని 27వ సెక్షన్ ప్రకారం కూల్చివేతకు అయిన ఖర్చును యజమాని నుంచి భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు చేయవచ్చు. యంత్రం అద్దె ఇల్లు పోగొట్టుకున్నవాడే చెల్లించాలి. పోయిన ఇంటి విలువ ఎవరు చెల్లించాలన్న ప్రశ్న మాత్రం ఎంతో కాలం ఎవరూ అడగలేదు.

గడచిన కొన్నేళ్ల అనుభవాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. 2022 ఏప్రిల్ 10న శ్రీరామనవమి సందర్భంగా మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్‌లో ఘర్షణలు జరిగాయి. మరునాడే కూల్చివేతలు మొదలయ్యాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టుకున్న ఇల్లు కూడా వాటిలో కూలింది. అదే నెల 20న ఢిల్లీ జహంగీర్‌పురిలో యథాతథ స్థితి పాటించాలని సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత కూడా గంటకు పైగా యంత్రాలు ఆగలేదు. 2022 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఐదు రాష్ట్రాలలో జరిగిన 128 కూల్చివేతల వల్ల కనీసం 617 మంది నష్టపోయారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2024 ఫిబ్రవరి నివేదికలో నమోదు చేసింది. 2023 ఆగస్టులో హర్యానాలోని నూహ్‌లో సాగుతున్న కూల్చివేతలను పంజాబ్-హర్యానా హైకోర్టు తనంత తానుగా విచారణకు స్వీకరించి నిలిపివేసింది.

వీటిలో తరచుగా కనిపించే తీరు ఒకటే. ఆరోపణ ఒకరిమీద ఉంటుంది. ఇల్లు మరొకరిది. కొడుకుమీద కేసు పెడతారు, తల్లి పేరున ఉన్న ఇల్లు కూలుతుంది. నేరం రుజువు కాకముందే శిక్ష అమలవుతుంది. ఆ శిక్ష వృద్ధులకు, పసిపిల్లలకు కూడా పడుతుంది. కాగితంమీద మాత్రం కారణం "అనుమతి లేని నిర్మాణం" అని ఉంటుంది.

ఈ స్థితిలోనే 2024 నవంబరు 13న జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. నిందితుడని గాని, దోషి అని గాని చెప్పి కార్యనిర్వాహక వర్గం ఎవరి ఇంటినీ కూల్చడానికి వీలులేదని, న్యాయమూర్తి స్థానాన్ని అధికారి ఆక్రమించరాదని స్పష్టం చేసింది. నివాసపు హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమని మరోసారి గుర్తుచేసింది. ఆపైన దేశమంతటికీ వర్తించే ఒక పద్ధతిని నిర్దేశించింది. అది మన ఇళ్లలో ప్రతి ఒక్కరికీ కంఠస్థం కావాలి.

మొదటిది నోటీసు. యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటిమీద కూడా అతికించాలి. అది అందిన నాటి నుంచి కనీసం 15 రోజుల గడువు ఉండాలి. స్థానిక చట్టం అంతకన్న ఎక్కువ గడువు ఇస్తే ఆ గడువే వర్తిస్తుంది. నోటీసు ఇచ్చిన వెంటనే ఆ సమాచారం కలెక్టరు కార్యాలయానికి ఈమెయిలు ద్వారా చేరాలి. పాత తేదీ వేసి నోటీసు సృష్టించే అవకాశం లేకుండా చేయడమే దీని ఉద్దేశం. ఉల్లంఘన ఏమిటో, ఏ పత్రాలు సమర్పించాలో, విచారణ ఏ రోజున ఏ అధికారి ముందు జరుగుతుందో నోటీసులోనే రాయాలి.

రెండవది విచారణ. యజమాని చెప్పేది అధికారి స్వయంగా విని, ఆ సంభాషణను నమోదు చేయాలి. మూడవది కారణాలతో కూడిన తుది ఉత్తర్వు. అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించడానికి వీలుందా, లేకపోతే ఎందుకు లేదు, ఇంటిలో ఒక భాగమే అక్రమమా, కూల్చడం తప్ప మరో మార్గం ఎందుకు లేదు అన్న ప్రశ్నలకు ఆ ఉత్తర్వులో సమాధానం ఉండాలి. నాలుగవది మరో 15 రోజుల వ్యవధి. ఈ వ్యవధిలో అప్పీలుకు వెళ్లవచ్చు, లేదా అక్రమమని తేలిన భాగాన్ని యజమానే తొలగించుకోవచ్చు. తలుపులు, దూలాలు ఊడదీసి దాచుకునే అవకాశం గురించి మొదట చెప్పుకున్నాం గదా, ఆ అవకాశాన్ని న్యాయస్థానం ఇక్కడ తిరిగి ఇచ్చింది. ఐదవది కూల్చే రోజు పద్ధతి. ముందుగా ఇద్దరు పంచుల సంతకాలతో తనిఖీ నివేదిక తయారు కావాలి. కూల్చివేతను వీడియో తీయాలి. అందులో పాల్గొన్న అధికారుల, పోలీసుల పేర్లతో నివేదిక కమిషనరుకు చేరాలి.

ఈ ఆదేశాలను ఉల్లంఘించిన అధికారి కోర్టు ధిక్కార చర్యకు గురవుతాడు. అంతే కాదు, కూల్చిన ఇంటిని తన సొంత ఖర్చుతో పునరుద్ధరించాలి, నష్టపరిహారం కూడా చెల్లించాలి. ఇంతవరకు యజమాని పేరున రాస్తూ వచ్చిన లెక్కను ఈ తీర్పు అధికారి పేరున రాసింది.

ఈ మాట కాగితంమీదనే ఉండిపోతుందా అని మీరు అడగవచ్చు. ప్రయాగ్‌రాజ్ సంగతి వినండి. అక్కడ కూలిన ఇళ్ల యజమానులలో ఒక న్యాయవాది, ఒక ప్రొఫెసరు, వితంతువులు ఉన్నారు. 2020 డిసెంబరు 18న షోకాజ్ నోటీసు రాసి, అదే రోజు గోడకు అతికించారు. 2021 జనవరి 8న కూల్చివేత ఉత్తర్వు జారీ చేసి దాన్నీ గోడకే అతికించారు. మార్చి 1న మొదటిసారి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. అది మార్చి 6న అందింది. మార్చి 7న ఇళ్లు కూలిపోయాయి. ఆ రోజు ఆదివారం. న్యాయస్థానం తలుపు తట్టడానికి వారికి ఒక్క పనిదినం కూడా మిగలలేదు.

హైకోర్టు వారి పిటిషనును తోసిపుచ్చింది. వారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 1న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం ఆ కూల్చివేతలు చట్టవిరుద్ధమని, అమానుషమని తేల్చి, ఒక్కొక్క యజమానికి 10 లక్షల రూపాయల చొప్పున ఆరు వారాలలో చెల్లించాలని ప్రయాగ్‌రాజ్ అభివృద్ధి సంస్థను ఆదేశించింది. నోటీసును చేతికి అందించడానికి నిజాయతీగా ప్రయత్నించకుండా గోడకు అతికించి పోవడం చెల్లదని చెప్పింది. కూలిన నాటి నుంచి తీర్పు వరకు నాలుగు సంవత్సరాలు గడిచాయి. ఆ మొత్తం ఒక ఇంటికి సమానం కాదు. అయినా వారిని గెలిపించింది ఏమిటో గమనించండి. ఏ కాగితం ఏ రోజున ఎలా అందిందో చెప్పిన ఆ తేదీలే గెలిపించాయి.

ఉత్తరప్రదేశ్‌లోనే మహారాజ్‌గంజ్‌లో రహదారి విస్తరణ పేరుతో 2019లో ఒక పాత్రికేయుని ఇల్లు కూల్చారు. ఆయన రాసిన లేఖనే సుప్రీంకోర్టు పిటిషనుగా స్వీకరించి, 2024 నవంబరు 6న 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇప్పించింది. ఆయన ముస్లిం కాదు. పద్ధతి తప్పిన కూల్చివేత ఎవరి ఇంటి ముందైనా ఆగవచ్చు. ఈ పోరాటంలో ఇరుగుపొరుగు అందరినీ కలుపుకోవాలని మేము చెప్పడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలు మార్గం పక్క స్థలం, నది, చెరువు వంటి చోట్ల ఉన్న అనధికార నిర్మాణాలకు, కోర్టే కూల్చమని ఆదేశించిన సందర్భాలకు 2024 నవంబరు తీర్పు మార్గదర్శకాలు వర్తించవు. హైదరాబాదు చుట్టూ చెరువు శిఖం భూములలో తెలియక స్థలం కొన్న పేద కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారికి ఈ తీర్పు ఒక్కటే చాలదు. అయితే వారు పూర్తిగా నిస్సహాయులూ కారు. అమీన్‌పూర్‌లో ఆదివారం నాడు జరిపిన కూల్చివేతపై 2024 సెప్టెంబరు 30న తెలంగాణ హైకోర్టు అధికారులను పిలిపించి నిలదీసింది. స్థలం కొనేముందు చెరువు హద్దుల పటం చూడడం, కొన్న తరువాత ఏ నోటీసు వచ్చినా ఆలస్యం చేయకుండా హైకోర్టు న్యాయవాదిని కలవడం అవసరం.

ఇప్పుడు మన ఇళ్లలోకి చూద్దాం. ఇళ్ల కాగితాలు చూసిపెట్టమని వచ్చిన కుటుంబాలలో మేము మళ్లీ మళ్లీ గమనించిన లోపాలు కొన్ని ఉన్నాయి. ఇంటి పన్ను చనిపోయిన తాతగారి పేరున వస్తుంది. కరెంటు బిల్లు అమ్మిన వ్యక్తి పేరుననే ఉంటుంది. కొనుగోలు సాదాబైనామాతోనో నోటరీ కాగితంతోనో జరిగి ఉంటుంది. తండ్రి పోయి ఇరవై ఏళ్లయినా వారసత్వం పంచుకోరు. కూతుళ్ల వాటా ఏ కాగితంలోనూ ఉండదు. మెహర్ కింద భార్యకిచ్చిన ఇల్లు, హిబాగా కూతురికిచ్చిన ఇల్లు నోటిమాటగానే నిలిచిపోతాయి. నోటిమాట హిబా మన చట్టంలో చెల్లుతుంది. దాన్ని గుర్తుకోసం రాసుకున్న పత్రానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2011లో హఫీజా బీబీ కేసులో చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుపై వచ్చిన అప్పీలే. కాని పురపాలక రికార్డులో పేరు మారకపోతే నోటీసు వేరొకరి పేరున వస్తుంది. అసలు యజమానురాలికి గడువు గడిచిపోయే దాకా సంగతే తెలియదు.

కనుక హిబా జరిగితే సాక్షుల సంతకాలతో రాసి పెట్టండి. పన్ను రికార్డులో పేరు మార్పించండి. క్రమబద్ధీకరణ పథకం వచ్చినప్పుడు గడువులోగా దరఖాస్తు చేయండి. దస్తావేజు, పన్ను రసీదులు, ప్లాను, కరెంటు బిల్లుల నకళ్లు మరో ఊరిలో ఉన్న బంధువు ఇంట్లో కూడా ఒక ప్రతి ఉంచండి. ఇంట్లో ఉన్న సామానును గదివారీగా ఫోనులో ఫొటోలు తీసి పెట్టండి.

నోటీసు వస్తే భయంతో చించకండి, తీసుకోవడానికి నిరాకరించకండి. అందిన తేదీ, వేళ సొంత చేతితో రాసి సంతకం చేయండి. కవరుమీది పోస్టు ముద్రను, గోడకు అతికించిన కాగితాన్ని ఫొటో తీయండి. లిఖితపూర్వకంగా జవాబు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. విచారణకు తప్పక హాజరు కండి. అదే వీధిలో అదే రకంగా కట్టిన ఇతర ఇళ్లను వదిలి మీ ఇంటినే ఎంచుకున్నారా అన్నది గమనించండి. అకస్మాత్తుగా ఒక్క ఇంటినే ఎంచుకుంటే దాని వెనుక శిక్షించే ఉద్దేశం ఉందని భావించవచ్చునని సుప్రీంకోర్టే చెప్పింది. అయితే పక్క ఇంటిని కూల్చమని కోరడానికి ఈ మాటను వాడకండి. మీ ఇంటిని కాపాడుకోవడానికి వాడండి. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదనుకోవద్దు. 1987 నాటి న్యాయసేవా సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. అమ్మ పేరున ఉన్న ఇంటికి ఆ హక్కు ఒక అండ. 15100 నంబరుకు ఫోను చేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దారి దొరుకుతుంది.

సోదర సోదరీమణులారా, మనలో అనుమతి లేకుండా అదనపు అంతస్తు వేసినవారు లేరని మేము అనడం లేదు. ఉన్నారు. అన్ని మతాల వారిలోనూ ఉన్నారు. తప్పు ఉంటే చట్టప్రకారం సరిదిద్దుకుందాం, రుసుము చెల్లిద్దాం, తొలగించక తప్పని గోడను మన చేతులతో తొలగిద్దాం. అందుకు చట్టం ఇచ్చిన రోజులను మాత్రం ఒక్కటి కూడా వదులుకోవద్దు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లిన తరువాత కాగితాల పెట్టె ఒకసారి తెరవండి. దస్తావేజులో ఎవరి పేరుందో, పన్ను రసీదులో ఎవరి పేరుందో ఇంట్లో అందరూ కలిసి చదవండి. పేర్లు కలవకపోతే సోమవారమే పురపాలక కార్యాలయానికి వెళ్లండి. అల్లాహ్ మన ఇళ్లను, మన ఇరుగుపొరుగు ఇళ్లను కాపాడుగాక. ఆమీన్.