'పాడైంది' అంటే సరిపోదు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోతుంటే బండి మొరాయించిందనుకోండి. మెకానిక్‌తో 'బండి పాడైంది' అంటే చాలదు. ఏ గేరులో, ఎలాంటి చప్పుడు వచ్చిందో చెబితేనే అతని చెయ్యి సరైన చోట పడుతుంది. సాఫ్ట్‌వేర్ లోపాల సంగతీ అంతే.

ఇంటర్నెట్ నుంచి ఫైళ్లు దించే 'డబ్ల్యూగెట్'నే తీసుకోండి. 1996లో హర్వోయె నిక్షిచ్ విడుదల చేసిన ఉచిత సాధనం ఇది. కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. లోపం ఎవరి కంటపడినా చెప్పవచ్చు.

చెప్పేటప్పుడు వెర్షన్ నంబరు, మీరు టైప్ చేసిన కమాండ్ ఉన్నదున్నట్టు రాయండి. కమాండ్‌కు 'మైనస్ డి' జోడిస్తే డబ్ల్యూగెట్ లోపల చేసే పనుల వివరాలు తెర మీద కనిపిస్తాయి. ఆ వివరాలూ జతచేయండి. కానీ అందులో మీ పాస్‌వర్డ్ ఉంటే ముందే చెరిపేయండి.

ఇంకో మాట. కరెంటు పోయి సగంలో ఆగిన ఫైలును 'మైనస్ సి'తో అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఈలోగా సర్వర్‌లోని ఫైలు మారి పెద్దదైతే, పాత సగానికి కొత్త సగం అతుక్కుని ఆ ఫైలు ఎందుకూ పనికిరాదు. అది బగ్ కాదు, మాన్యువల్‌లో రాసిన హెచ్చరికే! అందుకే ముందు చదవండి, మళ్లీ చేసి చూడండి, ఆ తర్వాతే ఫిర్యాదు చేయండి.