పక్షుల లెక్క - మనుష్యుల మాట

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



లోకమున పందెములు పెక్కు కలవు. ఎడ్లబండ్ల పందెములో గాని, పడవల పందెములో గాని గెలిచినదెవరో ఒడ్డున నిలిచిన పిల్లవాడు సైతము చెప్పగలడు. పోటీలో దిగినవారి మాటయే తప్ప వేఱు సాక్ష్యము లేని పందెమొకటి అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున 1984వ సంవత్సరమునుండి జరుగుచున్నది. దానిపేరు 'వరల్డ్ సిరీస్ ఆఫ్ బర్డింగ్'. ఒక్క దినములో ఎన్ని జాతుల పక్షులను గుర్తింపగలుగుదురనునదే ఆ పందెము. న్యూజెర్సీ ఆడుబాన్ సంస్థలో పనిచేయుచుండిన పీట్ డన్ అను ప్రకృతి పరిశీలకుడు దీనికి ఆద్యుడు.

మే మాసమున ఒక శనివారమునాడు అర్ధరాత్రమున పందెము మొదలై, మఱల అర్ధరాత్రము కాగానే ముగియును. పక్షిని కంటితో చూచినను, కూత విని పోల్చుకొన్నను లెక్కకు వచ్చును. జాతియే ముఖ్యము గాని సంఖ్య కాదు. వేయి కాకులు కనబడినను పట్టికలో చేరునది ఒక్క పేరే. జట్లవారు దినములకొలది ముందే తిరిగి ఏ పక్షి ఎచ్చట గూడు కట్టినదో, ఏ వేళకు కూయునో తెలిసికొని యుందురు. పందెపు రాత్రి చిత్తడినేలల యంచున ఊపిరి బిగబట్టి నిలిచి నీటికోళ్లయు గుడ్లగూబలయు కూతలు విందురు. వేకువకు ఉత్తరపు కొండల అడవులు చేరుదురు. పగలెల్ల దక్షిణముగా ప్రయాణించి, సాయంకాలమునకు సముద్రతీరమున నున్న కేప్ మే ప్రాంతమునకు వత్తురు. ఆకలికిని నిద్రకును ఆనాడు తావులేదు.

మొదటి సంవత్సరము గెలిచిన జట్టు 201 జాతులను గుర్తించెను. డన్‌తో కూడిన ఆ జట్టులో 75 ఏండ్ల వృద్ధుడొకడు, 22 ఏండ్ల యువకుడొకడు ఉండిరి. ఆ వృద్ధుడు రోజర్ టోరీ పీటర్సన్. ఆయన 1934లో పక్షులను గుర్తించుటకు ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అంతకుపూర్వము పక్షి జాతిని నిశ్చయించుటకు దానిని తుపాకితో కొట్టి చేతిలోనికి తీసికొని చూచు అలవాటు పండితులలో నుండెను. పీటర్సన్ తన బొమ్మలలో ఒక్కొక్క పక్షికిగల ప్రత్యేక చిహ్నమును చిన్నగీతతో చూపి, దూరమునుండియే దానిని పోల్చుకొను విధమును సామాన్యులకు నేర్పెను. మొదట అచ్చువేసిన 2,000 ప్రతులును కొద్దిదినములలోనే చెల్లిపోయినవి. ఇక ఆ యువకుడు డేవిడ్ సిబ్లీ. అతడు తరువాత 2000వ సంవత్సరమున తన సొంత పక్షిగ్రంథమును వెలువరించి పేరుగాంచెను. ఒక తరమునకు కన్నులిచ్చిన పుస్తకకర్తయు, రాబోవు తరమునకు పుస్తకము వ్రాయనున్నవాడును నాడు ఒకే జట్టున తిరిగిరి.

ఈ పందెములో ధనము చేరు విధము విచిత్రమైనది. దాతలు ముందుగా మాట యిత్తురు. జాతికి ఒక డాలరు వంతున ఇత్తునన్న దాత, జట్టు 201 జాతులను చూచినచో 201 డాలర్లు చెల్లించును. ఆ పైకము పక్షుల రక్షణకును, వాని నివాసభూములను కాపాడుటకును వినియోగింతురు. దీనియందే పరీక్షయు నున్నది. రాత్రి పదునొకండు గంటలవేళ, అలసిన శరీరములతో నున్నవారికి దూరమునుండి ఒక కూత లీలగా వినబడినది. అది ఫలానా పక్షియేయని వ్రాసికొన్నచో లెక్క పెరుగును, ధనమును పెరుగును. అడ్డగించువారు లేరు. ఐనను, నిశ్చయముగా తెలియనిదానిని పట్టికలో చేర్పరాదు. చేర్చినవాడు తోటి జట్లనే కాదు, దాతను గూడ మోసగించినవాడగును.

ఈ లెక్కలో మఱియొక లోపము కలదు. పందెపు దారిలోనున్న డెలవేర్ అఖాతమునకు ప్రతి మే మాసమున రెడ్‌నాట్ అను ఎఱ్ఱరొమ్ము ఉల్లంకిపిట్టలు వచ్చును. వీనిలో పెక్కు దక్షిణ అమెరికా కొననుండి ఉత్తరధ్రువ ప్రాంతమునకు సుమారు 9,000 మైళ్లు ప్రయాణించును. గుఱ్ఱపులాడమువంటి పెంకుగల పీతలు ఆ యిసుకలో పెట్టు గ్రుడ్లను తిని, రెండువారములలో బరువును ఇంచుమించు రెట్టింపు చేసికొని, పిమ్మట ఎగిరిపోవును. ఆ పీతలను ఎరకొఱకు మితిమీఱి పట్టుటచే పక్షులకు ఆహారము కఱవయ్యెను. 1980ల ఆరంభమున అచ్చట 90,000కు పైగా లెక్కకు వచ్చిన పక్షులు, 2000ల మధ్యకాలమునకు సుమారు 15,000కు తగ్గిపోయెను. పందెపు పట్టికలో మాత్రము నాడును ఒక్క పేరే, తరువాతను ఒక్క పేరే. అంకె మాఱలేదు, తీరము మాఱినది.

కావున పేరు వ్రాసికొని ముందునకు సాగుట చాలదు. తీరమున నిలిచి ఒక్కొక్క పక్షిని ఏటేట లెక్కించినవారి శ్రమవలననే ఈ తగ్గుదల లోకమునకు తెలిసినది. 2008లో న్యూజెర్సీ రాష్ట్రము ఆ పీతలను పట్టుటను నిషేధించినది. 2014లో అమెరికా ప్రభుత్వము ఈ పక్షిని ముప్పునకు లోనైన జీవులలో చేర్చి రక్షణ కల్పించినది. పందెము జనుల దృష్టిని పక్షివైపు మఱలించును. పక్షిని నిలుపునది మాత్రము పందెము ముగిసిన పిమ్మట జరుగు పని.

ఆంధ్రదేశమునందలి నేలపట్టు, తేలినీలాపురము గ్రామముల ప్రజలు ఏ పందెమును లేకయే, చెట్లపై గూళ్లు కట్టుకొను గూడబాతులకు అండగా నిలిచిరి. అట్టి ప్రేమకు తోడుగా లెక్కయు నున్నచో ఎంతయో మేలు. ప్రతి గ్రామ గ్రంథాలయమునను ఒక పక్షుల పుస్తకమును, దాని ప్రక్కన ఒక తెల్లకాగితముల పుస్తకమును ఉంచవచ్చును. ఊరిచెఱువునకు ఏ పక్షి, ఏనాడు, ఎన్ని వచ్చినవో చూచినవారు అందు వ్రాయవచ్చును. నియమమొక్కటే: చూడనిది వ్రాయరాదు. ఇరువదియైదేండ్ల తరువాత దానిని తెఱచువారికి, ఆ చెఱువు నిలుపుకొన్నదేదో, పోగొట్టుకొన్నదేదో అందు తెలియును.