స్టీలు వాచీకి స్నానం

మీ స్టీలు వాచీ చైనును ఒకసారి వెలుగులో వంచి చూడండి. లింకుల సందుల్లో నల్లటి జిడ్డుంటుంది: చెమట, దుమ్ము, సబ్బు కలిసి గట్టిపడిన మురికి. స్టీలుకేం కాదులే అనుకోవద్దు. ఉప్పుచెమట నిలిచిపోతే 316ఎల్ రకం స్టీలుకైనా సన్నటి గుంటలు పడొచ్చు.

చైను విడదీసి, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టండి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే నీళ్లు టీరంగుకు తిరుగుతాయి. వాచీని మాత్రం ముంచకండి, తడిగుడ్డ చాలు. వాచీ వెనక నీటిని తట్టుకునే లోతు 30 మీటర్లని రాసి ఉన్నా, అది ఈతకు అనుమతి కాదు.

ఇక పాలిష్. అద్దంలా మెరిసే చోట మెటల్ పాలిష్ కొద్దిగా అద్ది, గుడ్డతో రుద్దొచ్చు. సన్నగీతల మ్యాట్ భాగం జోలికి పోకండి, ఆ గీతలు చెరిగిపోతాయి. పాలిష్ అంటేనే కాస్త లోహాన్ని అరగదీయడం. అందుకే నేనైతే ఏడాదికోసారి కూడా చేయను. చైను బాగా ఆరాకే తొడుక్కోండి.