బదరీవృక్షము క్రింద నిద్ర

ఈ దినము ముఖ్యముగా రొమ్ము క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకుంటున్న సహోదరీలతో మాట్లాడాలని ఆశిస్తున్నాను.

గంగవరం ప్రాంతము నుండి వేలూరు వెళ్లి, అక్కడే గది తీసుకొని వైద్యము చేయించుకుంటున్న ఒక సహోదరిని చూడటానికి వెళ్లాను. "అయ్యగారూ, కరెంటు పెట్టేది కొన్ని నిమిషాలే, అప్పుడేమీ తెలీదు. మూడో వారం నుంచి చెంబు నీళ్లు ఎత్తలేకుండా ఉండాను. చంక కింద నల్లబడి మంట. ప్రార్థనకు కూర్చుంటే నిద్దర వస్తా ఉంది. నాకు విశ్వాసం తగ్గిపోయిందేమో" అని ఏడ్చింది. ఇంకా అయిదు రోజులు మిగిలి ఉండగానే ఇంటికి వెళ్లిపోతానని పట్టుబట్టింది.

అమ్మా, అది విశ్వాసము తగ్గడము కాదు. ఈ వైద్యము సాగేకొద్దీ అలసట పెరుగుతుంది. ముగిసిన తరువాత కూడా కొన్ని వారాలుండి, మెల్లగా తగ్గుతుంది. చాలామందికి వచ్చేదే. మధ్యలో మానవద్దు.

ఏలీయాను జ్ఞాపకము చేసుకోండి (1 రాజులు 19). కర్మెలు మీద అంత గొప్ప కార్యము చూసిన ప్రవక్త, అలసిపోయి బదరీవృక్షము క్రింద పడి చావు కోరుకున్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. మొదట నిద్ర. తరువాత రొట్టె, నీళ్లు. మరల నిద్ర, మరల రొట్టె. మాట్లాడటము ఆ తరువాతే. ప్రసంగాలు చేసే నాకే ఇది బుద్ధి చెప్పింది.

మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరములో 1915లో మిషనరీలు క్షయ ఆసుపత్రి తెరచినప్పుడు ఆ రోగానికి మందే లేదు. మంచి గాలి, మంచి ఆహారము, మంచము మీద విశ్రాంతి, అదే వైద్యము. అక్కడ పడుకున్నవారిని సోమరులని ఎవరనగలరు?

నొప్పిని దాచవద్దు. డాక్టరు వ్రాసిన మాత్ర వేసుకోవడము పాపము కాదు. మంట పుడితే పసుపు, నూనె, బామ్ మీ అంతట మీరు రాయవద్దు, అడిగి రాయండి. వదులైన నూలు బట్టలు కట్టుకోండి. చర్మము పగిలి నీరు కారినా, జ్వరము వచ్చినా ఆ దినమే చెప్పండి. విశ్రాంతి తీసుకుంటూనే, ఎండ తగ్గాక కాసేపు నడవండి. వింతగా తోచినా, కొద్దిపాటి నడక అలసటను తగ్గిస్తుంది. మనవడిని ఎత్తుకుంటే వాడికేమవుతుందోనని భయమా? బయట నుండి పెట్టే కరెంటు ఒంట్లో నిలువదు. ఒడిలో కూర్చోబెట్టుకోండి.

భర్తలారా, పాలు పితకడము, నీళ్లు మోయడము కొన్నాళ్లు మీరు చేయండి. సంఘస్థులారా, చూడబోయి గంటసేపు కూర్చోకండి. ఒక పూట అన్నము పట్టుకెళ్లండి.

ఆ సాయంత్రము ఆ సహోదరి కొరకు క్లుప్తముగానే ప్రార్థించాము. మధ్యలోనే ఆమె నిద్రపోయింది. మేము లేపలేదు. మరునాడు భర్త చేయి పట్టుకొని మెల్లగా కరెంటుకు వెళ్లింది.