ఇంజను నంబరులో ఒక అంకె

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "మీ పాత కారు గురించి ఓ పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు. డి.ఎ. బకాయిల గురించి మాట్లాడుకోవలసిన సభలో కారు ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ సంగతిలో కారు ఎంత ఉందో కాగితం కూడా అంతే ఉంది. ముప్పై, ముప్పై అయిదేళ్లు ఫైళ్లతో కాపురం చేసినవాళ్లం కనుక ఓపికగా వింటారనే ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

ఆ బండి 1961 నాటి అంబాసిడర్. కొన్నది మా మేనమామగారు. తరువాత పిల్లనిచ్చి మామగారు కూడా అయ్యారు. పల్లెటూళ్లో డాక్టరు. కారు ఇంటికి వచ్చిన రోజున నాకు పన్నెండేళ్లు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఊరంతటికీ బెల్లం పంచారు. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది. దాని మూడో సిరీస్ నమూనాను తెచ్చి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారుచేసిందే అంబాసిడర్. 2014లో ఆ తయారీ ఆగిపోయింది. మా బండిది 1489 సీసీ పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉంటుంది. ముందు సీటు బల్లలాగా ఒకటే. డ్రైవరు కాక ఇద్దరు పెద్దలు, ఒళ్లో ఒక పిల్లవాడు సులువుగా పట్టేవారు.

1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర పెరిగింది. ఆ తరువాతి సంవత్సరాల్లో అంబాసిడర్లు ఒక్కొక్కటే డీజిలు బాట పట్టాయి. పెట్రోలు ఇంజను దింపి పాత సామానుకు వేసేసి, మెటడార్ వ్యాను ఇంజనో మరొకటో ఎక్కించేవారు. అందుకే ఇవాళ పాత అంబాసిడర్లు కనిపించినా, పుట్టినప్పటి ఇంజనుతో ఉన్నవి తక్కువ. మామయ్యగారికీ అందరూ ఆ సలహానే చెప్పారు. ఆయన "పేషెంటు బాగానే ఉన్నాడు కదా, ఆపరేషను దేనికి?" అని నవ్వేసేవారు.

ఆ పేషెంటుకు నిజంగా ప్రాణం మీదికి వచ్చింది 1977 నవంబరు 19న. దివిసీమ ఉప్పెన అంటే మీలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు. మామయ్యగారి ఊరు కూడా ఆ దెబ్బ తిన్నదే. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు. కారు రెండు రోజులు ఉప్పునీళ్లలో ఉంది. నీళ్లు తీశాక ఎడ్లను కట్టి రోడ్డుకు లాగించి, లారీ ఎక్కించి బెజవాడ ఆటోనగర్ చేర్చారు. అక్కడి మేస్త్రీ ప్లగ్గులు తీసి, హెడ్డు దింపి, లోపలి బురదంతా కిరసనాయిలుతో కడిగాడు. బేరింగులు, పిస్టన్ రింగులు మార్చాడు. బ్లాకు మాత్రం పాతదే నిలిచింది. మూడు వారాల తరువాత ఇంజను పలికింది. కారులో పెట్టిన సి-బుక్కు మాత్రం ముద్దయిపోయింది.

అప్పటికి నేను రవాణా శాఖలో జూనియర్ అసిస్టెంటుని, రిజిస్ట్రేషన్ సెక్షనులో. ఏ ఊరి ఆఫీసు అనేది అప్రస్తుతం. 1978లో మామయ్యగారు డూప్లికేట్ సి-బుక్కు కోసం దరఖాస్తు పెట్టారు. బి-రిజిస్టరు చూసి వివరాలు ఎక్కించే పని నాదే. మామగారి పని కదా అని ఉత్సాహంగా, ఒక్క పూటలో ముగించి, సంతకానికి పంపాను. ఆ పూట చేసిన నిర్వాకం 45 ఏళ్ల తరువాత బయటపడింది.

మామయ్యగారు 1994లో పోయారు. బావమరిది అమెరికాలో ఉన్నాడు. "బావా, దాన్ని నువ్వే చూసుకో" అని కారు నాకు వదిలాడు. 2007లో రిటైరయ్యాక దాని మీద చెయ్యి వేశాను. మా అబ్బాయి "కొత్త ఇంజను, ఏసీ పెట్టిస్తాను నాన్నా, హాయిగా తిరగొచ్చు" అన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్ల నాన్నగారి కారు చప్పుడు ఆవిడకు వీధి మలుపు నుంచే తెలుస్తుందట.

ప్రదర్శనల సంగతి కొంచెం చెబుతాను. మనదేశంలో ఇది పాత సరదాయే. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రికవారు 1964లోనే పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టారు. "వింటేజ్" అనే మాటను అభిమానులు 1919 నుంచి 1930 దాకా తయారైన కార్లకే వాడతారు. చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 రోల్స్ రాయిస్ అంతకంటే పెద్దది. మా బండిని "క్లాసిక్" వరుసలో నిలబెడతారు. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మాత్రం 50 ఏళ్లు నిండి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా ఉంటే వింటేజ్ వాహనమే. కొత్త రిజిస్ట్రేషనుకు రూ. 20,000, పదేళ్లు చెల్లుతుంది. తరువాత మళ్లీ చేయించుకోవడానికి రూ. 5,000. నంబరులో "వి.ఎ." అనే అక్షరాలు వస్తాయి. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకువెళ్లవచ్చు గాని, రోజువారీ ప్రయాణాలకు, కిరాయికి వాడకూడదు.

అసలు ఇంజను అంటే అందులో ఏదీ మార్చలేదని కాదు. అరిగేవి అరుగుతాయి. మాది రెండుసార్లు బోరుకొచ్చింది, ఓవర్‌సైజు పిస్టన్లు పడ్డాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. పాత ఇంజన్లలో వాల్వు సీట్లను కాపాడేది ఆ సీసమే. అందుకని హెడ్డులో గట్టి సీటు రింగులు వేయించాను. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపు డయాఫ్రమ్‌ను తినేస్తుంది కనుక వాటిని మార్పించాను. ఇవన్నీ మందులూ మాకులూ. కంపెనీ నుంచి వచ్చిన బ్లాకు, దానిమీది నంబరు, పుస్తకంలోని నంబరు ఒకటిగా ఉండాలి. చూసేవాళ్లు చూసేది అదే.

2023 జనవరిలో ఒక ప్రదర్శనకు తీసుకువెళ్లాం. మనవడు రాత్రంతా క్రోమియం బంపరు తుడిచాడు. జడ్జిగారు పెద్దమనిషి. బానెట్ ఎత్తించి, టార్చిలైటు వేసి, బ్లాకు మీది అంకెలు ఒక్కొక్కటే చదువుతూ సి-బుక్కులో చూసుకున్నారు. మళ్లీ మొదటినుంచి చదివారు. "అయ్యా, ఆఖరునుంచి రెండో అంకె కలవడం లేదు. ఇంజను ఎప్పుడైనా మార్చారా?" అన్నారు. బ్లాకు మీద 3, పుస్తకంలో 8.

పక్కనున్నవాళ్లు తలలు తిప్పుకున్నారు. మనవడు నా మొహం చూశాడు. నేను సి-బుక్కు చూశాను. ఆ 8 నేను వేసేదే. పైసున్న చిన్నదిగా, కిందిసున్న పెద్దదిగా. అంతకుముందు రెన్యూవళ్లకు ఛాసిస్ నంబరుకే పెన్సిల్ ప్రింటు తీశారు. ఇంజను నంబరు జోలికి ఎవరూ పోలేదు. నేను కూడా పోలేదు.

తిరిగివచ్చాక ఒక కుర్రమెకానిక్కు "ఎందుకంత బాధ సార్? మూడును ఎనిమిది చేయడం రెండు సుత్తి దెబ్బల పని" అన్నాడు. దాచడమెందుకు, ఒక రాత్రంతా ఆ మాట నా బుర్రలో తిరిగింది. ఎవరికీ తెలియదు. నా తప్పు కూడా బయటికి రాదు. కానీ ఉప్పెనకు కూడా చెక్కుచెదరని నంబరు అది. నేను రాసిన తప్పుకు సరిపెట్టడానికి దానిమీద సుత్తి వేయడానికి మనసొప్పలేదు. పైగా నంబరు దిద్దడం నేరం. అది మరొకరి కన్నా నాకే బాగా తెలియాలి.

ఇక కాగితాల వేట. అటకమీది ట్రంకుపెట్టెలో 1961 నాటి డీలరు బిల్లు దొరికింది. అందులో 3 ఉంది. నేను పనిచేసిన ఆఫీసులో పాత బి-రిజిస్టరు గోనెసంచిలో నుంచి బయటికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అందులోనూ 3 ఉంది. సిరా కొంచెం అలుముకుంది, అంతే. బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి ఇంజను నంబరు సరిచూసి రిపోర్టు రాశారు. సెక్షనులోని అమ్మాయి, మా మనవరాలి వయసుది, కాగితాలు చూస్తూ "ఎవరండీ బాబూ, ఇంత నిర్లక్ష్యంగా ఎక్కించింది?" అంది. "నేనేనమ్మా" అన్నాను. పాపం, కుర్చీలోంచి లేచి నిలబడింది. కూర్చోమని చెప్పి, దిద్దుబాటు దరఖాస్తులో "తప్పునకు కారణం" దగ్గర నా పేరు, అప్పటి హోదా రాసి సంతకం పెట్టాను.

మొత్తం తొమ్మిది నెలలు పట్టింది. నేను సర్వీసులో ఉండగా "రేపు రండి" అని ఎంతమందిని పంపానో ఆ తొమ్మిది నెలల్లోనూ గుర్తుకు వచ్చింది. అది కూడా ఈ సభలో చెప్పుకోవలసిన మాటే.

2024లో మళ్లీ ప్రదర్శనకు వెళ్లాం. కప్పు రాలేదు. ముందు తలుపు కింద తుప్పు ఉందని మార్కులు తగ్గించారు, న్యాయమే. ఇంజను గడిలో మాత్రం టిక్కు పడింది. సెల్ఫు కొట్టగానే ఇంజను అందుకుంది. మా ఆవిడ ఆ చప్పుడు వింటూ కాసేపు ముందు సీట్లోనే కూర్చుండిపోయింది.

మిత్రులారా, మీ ఇళ్లలోనూ పాత స్కూటరో, ఫియట్టో, జీపో గోడవారగా ఉండవచ్చు. పాత ఇనుముకు వేసేముందు దాని సి-బుక్కు తీసి, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఒకసారి కళ్లద్దాలు పెట్టుకుని సరిచూడండి. కొన్నప్పటి బిల్లు ఉంటే భద్రం చేయండి. తేడా ఉంటే మనం ఉండగానే దిద్దించాలి. మన తరువాత పిల్లలకు ఆ రిజిస్టరు ఎక్కడుందో కూడా తెలియదు. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ తప్పు పడితే ఎన్ని అగచాట్లో మీకు నేను చెప్పాలా?

నాకిచ్చిన పది నిమిషాలు దాటిపోయాయి. కారు బయట వేపచెట్టు కింద ఉంది. భోజనాలయ్యాక చూడదలచినవారు రండి, బానెట్ ఎత్తి చూపిస్తాను.