పైకప్పు చెప్పే మాట, బావి చెప్పే లెక్క

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఆగస్టు 9న మనం డోలు కొడతాం, కొమ్ము నృత్యం చేస్తాం, రేలా పాటలు పాడుకుంటాం. పాడుకోవాలి కూడా. ఈసారి సంఘం వాళ్లు "మేడమ్, పిల్లలకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకే మన కాళ్ల కింద ఉన్న దాని గురించి, అంటే గని గురించి, దాని వెనుక ఉన్న సైన్సు గురించి మాట్లాడుతాను. నేను గని ఇంజినీర్‌ను కాను. పాఠం చెప్పడం నేర్చుకున్న వార్డెన్‌ను. మా హాస్టల్ పిల్లలు అడిగిన ప్రశ్నలకు జవాబు వెతుకుతూ నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

మొదట ఒక సంగతి. మా హాస్టల్ పిల్లవాడి ఊరికి దగ్గర్లో బొగ్గు బాయి ఉంది. ఊరి మంచినీళ్ల బావి ఎండిపోయింది. సభ పెట్టినప్పుడు ఊరివాళ్లు లేచి "బాయి వచ్చినంక నీళ్లు పోయినయ్" అన్నారు. అవతలివాళ్లు "వానలు తక్కువ పడ్డాయి" అన్నారు. "అంతకుముందు మీ బావిలో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉండేవి? ఎక్కడైనా రాసి పెట్టారా?" అని అడిగారు. ఎవరి దగ్గరా కాగితం లేదు. మనవాళ్లు చెప్పింది అబద్ధమని ఎవరూ అనలేదు. కానీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. సెలవుల తర్వాత వచ్చిన ఆ పిల్లవాడు "మేడమ్, కింద తవ్వితే పైన నీళ్లెట్ల పోతయ్?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు.

మన నేలకు ఈ కథ కొత్త కాదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. అక్కడి సింగరేణి అనే చిన్న ఊరి పేరే తర్వాత కంపెనీ పేరైంది. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన కాలం నుంచి యంత్రాల కాలం దాకా మన అడవి పక్కనే ఈ చరిత్ర నడిచింది. మనలో చాలామంది దాన్ని బయట నిలబడి చూశారు.

ఇప్పుడు లోపలికి పోదాం. భూగర్భ గనిలో ముందు బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తవ్వుతారు. దారుల మధ్య చదరపు దిమ్మల్లాగా బొగ్గును వదిలేస్తారు. వాటిని పిల్లర్లు అంటారు. మీద ఉన్న కొండంత బరువును మోసేవి అవే. దారి మీద ఉండే రాతి పొరలే పైకప్పు. గనిలో మనిషి ప్రాణం ఆ పైకప్పు మీద ఆధారపడి ఉంటుంది.

పాత కార్మికులు కర్రతో పైకప్పును తట్టి చూసేవారు. గణగణమంటే గట్టిది. డొల్లగా మోగితే పొర విడిపోయిందని అర్థం. కుండ కొనేటప్పుడు మన అమ్మలు వేలితో కొట్టి చూస్తారే, అదే తెలివి. ఈ తెలివికి సైన్సు అంకెలు ఇచ్చింది. ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల పరిశోధన సంస్థ, అక్కడి ఇండియన్ స్కూల్ ఆఫ్ మైన్స్ 1980లలో మన దేశపు బొగ్గు గనుల కోసం ఒక మార్కుల పద్ధతి తయారు చేశాయి. పైకప్పుకు 100 మార్కుల పరీక్ష అనుకోండి. పొరల మందానికి 30, పగుళ్లూ జారుళ్లకు 25, నీళ్లు తగిలితే రాయి ఎంత నిలుస్తుందనే దానికి 20, రాతి బలానికి 15, ఊట నీటికి 10 మార్కులు.

గమనించారా? రాతి బలానికి 15 మార్కులే. పొరల మందానికి దానికి రెట్టింపు. ఎందుకు? ఇదిగో, ఈ వెదురు బద్దలు చూడండి. ఒకదాని మీద ఒకటి ఆరు పెట్టి రెండు చివరలూ ఆనించి నొక్కితే సులువుగా వంగిపోతున్నాయి. ఇప్పుడు వీటిని తాడుతో బిగించి కట్టాను. నొక్కండి. వంగడం లేదు. వెదురు మారలేదు, పొరలు కలిసి పనిచేస్తున్నాయి, అంతే. గనిలో ఈ తాడు పని చేసేది రూఫ్ బోల్టు. పైకప్పులోకి రంధ్రం చేసి, ఇనుప కడ్డీ దూర్చి, సిమెంటు లేదా రెసిన్‌తో బిగిస్తారు. పలుచని పొరలన్నీ కలిసి ఒక మందమైన దూలంలాగా నిలుస్తాయి. అంతకుముందు పైకప్పును కర్ర దిమ్మెలే మోసేవి. వాటి కోసం ఎన్ని చెట్లు నరికారో మన అడవికి తెలుసు.

నీళ్ల పరీక్ష కూడా మీరు బడిలో చేసుకోగలిగినంత సులువైనది. రాతి ముక్కలను తూచి, జల్లెడ లాంటి డబ్బాలో వేసి, నీళ్లలో పది నిమిషాలు తిప్పి, ఆరబెట్టి మళ్లీ తూస్తారు. ఎంత మిగిలిందో చూస్తారు. పొడిగా ఉన్నప్పుడు గట్టిగా కనిపించే రాయి తడవగానే బురద అయిపోవచ్చు. అందుకే వానాకాలంలో పైకప్పును మరింత జాగ్రత్తగా చూడాలి.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్న. దారులు తవ్వడం అయ్యాక, వదిలిన పిల్లర్లను కూడా తీసేస్తారు. అప్పుడు పైకప్పు కూలుతుంది. ఆ కూలడం పై పొరలకు పాకి, నేల మీద కుంగుడు, పగుళ్లు వస్తాయి. బావికి నీళ్లిచ్చే పొర పగిలితే నీళ్లు కిందికి దిగిపోతాయి. గనిలోకి ఊరిన నీటిని పంపులతో తోడేస్తుంటే చుట్టుపక్కల నీటి మట్టం కూడా తగ్గవచ్చు. అంటే ఊరివాళ్ల మాటలో సైన్సు ఉంది. వాన తక్కువైనా బావి ఎండుతుంది, పొర పగిలినా ఎండుతుంది. రెండింటిలో ఏది కారణమో తేల్చేది కొలత ఒక్కటే.

దీనికి విరుగుడు కూడా ఉంది. ఖాళీ అయిన చోట నీళ్లతో కలిపిన ఇసుకను గొట్టాల ద్వారా పంపి నింపుతారు. కుంగుడు బాగా తగ్గుతుంది. కానీ ఇసుక నది నుంచి రావాలి. ఒక చోట పుండు మాన్పడానికి గోదావరికి పుండు చేసినట్టు అవుతుంది. అందుకే ఓపెన్‌కాస్టులో తవ్వి పోసిన మట్టిని కడిగి ఇసుకలా వాడడం, విద్యుత్ కేంద్రాల బూడిద వాడడం మీద పరిశోధనలు జరిగాయి.

తవ్వి తీసిన బొగ్గును శుభ్రం చేయడం ఇంకో శాస్త్రం. మన ఇళ్లలో బియ్యం గాలిస్తాం. బరువైన రాయి అడుగున ఉంటుంది, బియ్యం పైకి వస్తుంది. బొగ్గు వాషరీలో కూడా నీళ్లలో మెత్తని మాగ్నటైట్ పొడి కలిపి, ఆ ద్రవాన్ని బొగ్గుకన్నా బరువుగా, రాతికన్నా తేలికగా చేస్తారు. బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. మీ అవ్వ చేతిలో ఉన్న పనే పెద్ద యంత్రమైంది.

ఈ శాస్త్రం గనులకే కాదు, సొరంగాలకూ కావాలి. 2025 ఫిబ్రవరి 22న నల్లమలలో, మన చెంచు అన్నదమ్ముల అడవి కింద, శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో పైభాగం కూలి, నీళ్లూ బురదా ముంచుకొచ్చి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. వాళ్లను వెతకడానికి సింగరేణి రెస్క్యూ దళాలు కూడా వెళ్లాయి. సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యం. మధ్యలో ఎక్కడా దారి తీయకుండా రెండు చివరల నుంచే తవ్వుకుంటూ వచ్చారు. ముందు ఏ రాయి ఉందో, ఏ నీరు ఉందో తెలుసుకోవడం ఎంత ముఖ్యమో ఆ ఎనిమిది ఇళ్లను అడిగితే చెబుతాయి.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా హాస్టల్ అమ్మాయి ఒకతె పాలిటెక్నిక్‌లో మైనింగ్ డిప్లొమా చదువుతానంది. "ఆడపిల్లకు బాయిలో పనేందే? చట్టమే ఒప్పుకోదు" అన్నాను. వేరే కోర్సు పెట్టించాను. దాని మీద ఆమెకు మనసు లేదు. మధ్యలో మానేసింది. తర్వాత తెలిసింది నాకు: 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి పోనివ్వలేదు నిజమే, కానీ 2019లోనే ఆ అడ్డు సడలించారు. సాంకేతిక, పర్యవేక్షక, మేనేజర్ పనుల్లో పగటిపూట ఆడవాళ్లు భూగర్భ గనుల్లోకి దిగడానికి అప్పుడే అనుమతి ఇచ్చారు. భూపాలపల్లి నుంచి వచ్చి కొత్తగూడెంలో మైనింగ్ చదివిన సంధ్య అనే అమ్మాయి రాజస్థాన్‌లో జింక్ గనుల మేనేజర్ అయింది. నేను అడ్డం చెప్పేనాటికే చట్టం మారింది. పిల్లకు దారి చూపాల్సిన నేను పాత చట్టాన్ని పట్టుకుని తలుపు మూశాను. మొన్న ఆమె కనిపించింది. ఏమీ అనలేదు. "బాగున్నవా మేడమ్" అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా గుచ్చుకుంటోంది.

కొందరు యువకులు అడుగుతారు: "గని మన భూమిని తింటుంటే గని చదువు మనకెందుకు?" మంచి ప్రశ్న. 1/70 చట్టం మనకు కవచం. 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంత భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. ఆ తీర్పు మనవాళ్లు పోరాడి తెచ్చుకున్నది. కానీ ప్రభుత్వ సంస్థలకు ఆ తీర్పు అడ్డు కాదు. అంటే గని వచ్చే రోజు రావచ్చు. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతుంది. కాగితం మన చేతికి వస్తుంది. దాన్ని చదవగలిగేవాళ్లు మన గూడెంలో ఉన్నారా? గని వద్దనడానికైనా, జాగ్రత్తగా తవ్వమనడానికైనా, నష్టం లెక్క కట్టమనడానికైనా ఆ చదువు కావాలి.

అందుకే ఈరోజు మిమ్మల్ని రెండు పనులు అడుగుతున్నాను. మొదటిది, పది పాసైనవాళ్లు మైనింగ్, జియాలజీ, సర్వే కోర్సుల గురించి ఒక్కసారైనా విచారించండి. ఆడపిల్లలు మరీ ముఖ్యంగా. ఎవరైనా "నీకెందుకు" అంటే, ఆ మాట వార్డెన్ అన్నా సరే, చట్టం చూపించమని అడగండి.

రెండోది, ఇంటికి పోయాక ఒక తాడు తీసుకోండి. చివర చిన్న రాయి కట్టండి. నెలకు రెండుసార్లు, తెల్లవారుజామున ఎవరూ నీళ్లు తోడకముందే, మీ ఊరి బావిలో వదలండి. బావి గట్టు నుంచి నీళ్ల దాకా ఎంత ఉందో టేపుతో కొలవండి. తేదీ, కొలత, ఆ వారం వాన పడిందా లేదా అన్నది నోటుబుక్కులో రాయండి. ఇద్దరు పెద్దల సంతకం పెట్టించండి. గని ఉన్న ఊరైనా, లేని ఊరైనా రాయండి. ఏడాది తిరిగేసరికి మీ బావి చరిత్ర మీ చేతిలో ఉంటుంది.

మా హాస్టల్లో ఆ పిల్లవాడు ఇప్పటికే మొదలుపెట్టాడు. ఊళ్లో మిగిలిన రెండో బావిని కొలుస్తున్నాడు. ఈసారి సభలో "రాసి పెట్టారా?" అని అడిగితే, లేచి నోటుబుక్కు చూపిస్తాడు.