షుగర్ ఉన్నవారి కాళ్లు ఎందుకు పగులుతాయి?

వార్డులో నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "సిస్టరమ్మా, మా నాయనకు ఒంట్ల అంత చక్కెర ఉంటే కాళ్లు ఎందుకు ఇట్ల ఎండి పగులుతున్నయి?" మంచి ప్రశ్నే. చర్మంలో తేమ నిలవడంలో చక్కెరకు నిజంగానే పని ఉంది. కానీ రక్తంలో పెరిగిన చక్కెర ఆ పని చేయదు.

చర్మం పైపొరను ఇటుక గోడ అనుకోండి. కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం. ఆ కొవ్వులో దాదాపు సగం సిరమైడ్ అనే రకం. లోపల తయారైనప్పుడు దానికి గ్లూకోజు అతుక్కొని ఉంటుంది. పైకి వచ్చాక ఒక ఎంజైము ఆ గ్లూకోజును విడదీస్తుంది. అప్పుడే ఆ కొవ్వు పొరలుగా సర్దుకొని, ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపుతుంది. ఇది శరీరం తనంతట తాను చేసుకునే పని. తీపి తింటే పెరగదు, బెల్లం పూస్తే రాదు.

అరికాలికి ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ నూనె గ్రంథులు లేవు, చెమటే దాన్ని మెత్తగా ఉంచాలి. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే చెమట పట్టించే నరాలు, నొప్పి తెలిపే నరాలు రెండూ దెబ్బతింటాయి. మడమ ఎండుతుంది, పగులుతుంది, పగిలినా తెలియదు. ఆ పగులులో చీము పడితే కాలు తీసేయాల్సిన దాకా పోవచ్చు.

అందుకే చూసే కళ్లు మీవి కావాలి. రోజూ కాళ్లు గోరువెచ్చని నీళ్లతో కడగండి, నానబెట్టకండి. వేడి ఎంతో మీ మోచేతితో చూడండి, వారి కాలితో కాదు. మెత్తటి గుడ్డతో అద్ది, తేమ పూర్తిగా ఆరకముందే వ్యాజ్‌లైన్ గానీ కొబ్బరినూనె గానీ రాయండి. ఉట్నూరు వైపు వారు ఇంట్లో ఉన్న శుభ్రమైన ఇప్పనూనె రాసినా తప్పు లేదు. నూనె నీటిని ఇవ్వదు, ఉన్న నీటిని పోనివ్వదు. వేళ్ల సందుల్లో మాత్రం రాయకండి, అక్కడ పొడిగా ఉండాలి. మడమ బాగా గట్టిపడితే డాక్టరు యూరియా కలిసిన క్రీం రాస్తారు. పొలంలో చల్లే యూరియా తెచ్చి పూయకండి, సుమా! బ్లేడుతో చెక్కడం అసలే వద్దు.

ఆదిలాబాద్ చలికి పెద్దవాళ్లు చలిమంట దగ్గర కాళ్లు చాపుకొని కూర్చుంటారు. స్పర్శ లేని కాలు కాలినా తెలియదు, దూరంగా కూర్చోబెట్టి సాక్సులు తొడగండి. పగులు ఎర్రబడినా, నీరు కారినా, వాసన వచ్చినా, నల్లబడినా అదే రోజు తీసుకురండి. నొప్పి లేదంటున్నారని ఆగకండి.